క్షయ ఉన్న ఇంట్లో కందిపప్పు లెక్క

క్షయ అంటే తరిగిపోవడం. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియని కాలంలోనే ఈ రోగానికి ఆ పేరు స్థిరపడిందంటే, పెద్దల కంటికి అన్నిటికన్నా ముందు ఆనింది మనిషి ఒళ్లు కరిగిపోవడమే అయి ఉండాలి. 1882లో రాబర్ట్ కాక్ క్షయ బాక్టీరియాను గుర్తించాక వైద్యుల చూపు సహజంగానే ఆ క్రిమి మీదికి మళ్లింది. రోగం వచ్చినవాళ్లు చిక్కిపోతారన్న సంగతిని ఎవరూ కాదనలేదు. అయితే చిక్కి ఉన్నవాళ్లకు కడుపునిండా తిండి పెడితే రోగం రాకుండా ఆగుతుందా అనే ప్రశ్న మాత్రం, ఎందరు వైద్యులు తమ అనుభవంతో అవునన్నా, చాలాకాలం రుజువు లేకుండానే ఉండిపోయింది. 2023 ఆగస్టులో లాన్సెట్, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికల్లో వెలువడిన రెండు పరిశోధన పత్రాలు దానికి ఇప్పటివరకు దొరికినవాటిలోకెల్లా గట్టి సమాధానం ఇచ్చాయి. ఆ పరిశోధన జరిగింది మన దేశంలోనే, ఝార్ఖండ్ పల్లెల్లో.

దాని పేరు రేషన్స్. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని నడిపారు. నాలుగు జిల్లాల్లోని 28 టీబీ యూనిట్ల (ప్రభుత్వ క్షయ నియంత్రణ కార్యక్రమపు స్థానిక విభాగాల) పరిధిలో, పరీక్షలో ఊపిరితిత్తుల క్షయ నిర్ధారణ అయిన 2,800 మందిని, వాళ్లతో ఒకే కప్పు కింద ఉంటున్న 10,345 మందిని 2019 ఆగస్టు నుంచి ఇందులో చేర్చుకుని, 2022 జూలై దాకా గమనిస్తూ వచ్చారు. ఇంటివాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది సంతాల్, హో, ముండా, ఒరావ్ వంటి ఆదివాసీ సమూహాలకు చెందినవాళ్లు. ప్రతి ముగ్గురిలో ఒకరు అప్పటికే పోషకాహార లోపంతో ఉన్నారు.

రోగులకు ఆహారం ఇవ్వకుండా ఊరికే చూస్తూ కూర్చోవడం అన్యాయం కాబట్టి, రెండు వర్గాల్లోని రోగులందరికీ ఆరు నెలలపాటు నెలనెలా ఆహారపు మూట అందింది. తేడా ఇంటివాళ్ల దగ్గరే. ఏ టీబీ యూనిట్ ఏ వర్గంలోకి వస్తుందో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించి, సగం యూనిట్లలో రోగితోపాటు ఇంట్లోని ప్రతి మనిషికీ ఆహారం ఇచ్చారు. మిగతా సగంలో రోగికి మాత్రమే ఇచ్చారు. తరువాత ఏ ఇళ్లలో కొత్తగా ఎంతమందికి క్షయ బయటపడిందో లెక్కగట్టారు.

ఇచ్చిన ఆహారం ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ పరిశోధన సారమంతా ఆ మూటలోనే ఉంది. ఇంట్లోని ప్రతి పెద్ద మనిషికీ నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, వీటితోపాటు విటమిన్లు, ఖనిజ లవణాలున్న మాత్రలు ఇచ్చారు. వంటింటి త్రాసులో తూస్తే రోజుకు సుమారు 167 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు అవుతాయి. అంత బియ్యం నుంచి దాదాపు 580 కేలరీలు, పదకొండు గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. పప్పు పరిమాణంలో బియ్యానికి మూడోవంతే అయినా, అది ఒక్కటే మరో పదకొండు గ్రాముల మాంసకృత్తులను, 170 కేలరీలను ఇస్తుంది. రెండూ కలిపితే పరిశోధకులు చెప్పిన 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు సరిగ్గా సరిపోతాయి. ఇది మనిషికి రోజంతా సరిపోయే తిండి కాదు, అప్పటికే తింటున్నదానికి అదనం. రోగి మూట ఇంకా బరువైనది: అయిదు కిలోల బియ్యం, మూడు కిలోల సత్తు, కిలోన్నర పాలపొడి, అర లీటరు నూనె. సత్తు అంటే వేయించిన శనగల పిండి, మన పుట్నాల పొడికి చాలా దగ్గరిది. ఆ మూట రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు అందించింది. ఇందులో విదేశాల నుంచి తెచ్చినది గానీ, కిరాణా కొట్టులో దొరకనిది గానీ ఒక్కటీ లేదు.

ఫలితానికి వద్దాం. అదనపు ఆహారం అందిన 5,621 మంది ఇంటివాళ్లలో 96 మందికి, అందని 4,724 మందిలో 122 మందికి కొత్తగా క్షయ బయటపడింది. వయసు మొదలైన తేడాలను సవరించి లెక్కించినప్పుడు, అన్ని రకాల క్షయ కలిపి 39 శాతం, ఇతరులకు సోకే ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గినట్టు తేలింది. ఒక కొత్త కేసును ఆపాలంటే 30 ఇళ్లలోని 111 మందికి ఆహారం ఇవ్వాల్సి ఉంటుందని పరిశోధకుల అంచనా. 2019 ధరల్లో ఇంటి మనిషి ఒక్కరికి నెలకు అయిన ఖర్చు 325 రూపాయలు. ఆ 111 మందినీ పెద్దవాళ్లుగానే లెక్కించి ఆరు నెలలకు గుణిస్తే రెండు లక్షల పదహారు వేల రూపాయలు అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఇది పెద్ద మొత్తంగానే అనిపించింది. కానీ ఒక టీకాకో మందుకో డబ్బు ఖర్చు పెడితే ఆ ఒక్క రోగం మీదే దాని ప్రభావం ఉంటుంది. ఇక్కడ 111 మంది ఆరు నెలలపాటు పప్పన్నం తిన్నారు, అది వాళ్లలోని గర్భిణులకూ పిల్లలకూ కూడా దక్కింది. ఆ లాభం పై లెక్కలో ఎక్కడా చేరలేదు.

పప్పన్నానికీ ఊపిరితిత్తిలోని క్రిమికీ సంబంధం ఏమిటి? క్షయ క్రిమి ఒంట్లోకి చేరిన ప్రతివాళ్లకూ రోగం రాదు. సోకినవాళ్లలో జీవితకాలంలో రోగం పైకి వచ్చేది అయిదు నుంచి పది శాతం మందికే. మిగతావాళ్లలో రక్షణ కణాలు క్రిమి చుట్టూ చేరి, గోడ కట్టినట్టు దాన్ని ఓ చిన్న గడ్డలో బంధిస్తాయి. ఆ గోడ ఒకసారి కట్టి వదిలేసేది కాదు, నిత్యం కాపలా కావలసినది. టీ కణాలనే ఒక రకం రక్షణ కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తూ ఉంటేనే, క్రిములను మింగిన మాక్రోఫేజ్ కణాలు చురుగ్గా ఉండి వాటిని అదుపులో పెట్టగలవు. ఈ కాపలాకు మాంసకృత్తులూ శక్తీ రెండూ కావాలి. ఆహారం చాలకపోతే టీ కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కొవ్వు కణజాలం నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, దానితో రక్షణ కణాల స్పందన మందగిస్తుంది. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐ ఒక్కో అంకె తగ్గేకొద్దీ క్షయ వచ్చే అవకాశం సుమారు 14 శాతం పెరుగుతున్నదని వేర్వేరు దేశాల సమాచారాన్ని కలిపి చేసిన సమీక్ష ఒకటి 2010లోనే చూపింది.

ఇంత స్పష్టమైన విషయం వైద్యంలో వెనక్కి ఎందుకు పోయింది? ఒకప్పుడు క్షయకు ఆహారమూ విశ్రాంతే చికిత్స. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియం వంటి చోట్ల మంచి గాలి, విశ్రాంతి, బలమైన భోజనం తప్ప వైద్యుల చేతిలో ఇంకేమీ లేని రోజులవి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, ఆ తరువాత ఐసోనియాజిడ్ అనే మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం ఏర్పడి, పేద రోగులను రెండు భాగాలుగా చేసి కొందరిని శానటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. శానటోరియంలో ఉన్నవాళ్లకు చాలా మెరుగైన భోజనం దొరికింది, ఇంట్లో ఉన్నవాళ్లు గంజీ కూడూ తిని పనులకు కూడా తిరిగారు. అయినా ఏడాది గడిచేసరికి శానటోరియంలో 92 శాతం మందిలో, ఇళ్లలో 86 శాతం మందిలో రోగం అణగారింది. 1959లో ఈ ఫలితం వెలువడ్డాక క్షయ వైద్యం ప్రపంచమంతటా శానటోరియం గోడలు దాటి ఇంటికి వచ్చింది. అది పేదలకు జరిగిన గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ మందులుంటే తిండి సంగతి ముఖ్యం కాదనే మరో అభిప్రాయం కూడా దానితోపాటు పాతుకుపోయింది. ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న రోగికి నయమవుతుందా అన్నది; ఆ ఇంట్లో తిండి చాలని రెండో మనిషి క్షయ పాలవకుండా తిండి ఆపగలదా అని కాదు. ఆనాటి మద్రాసు కేంద్రమే నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. అరవై ఏళ్ల తరువాత రెండో ప్రశ్నకు జవాబు వెతకడంలోనూ అదే సంస్థ పాలుపంచుకుంది.

రోగుల విషయంలో రేషన్స్ చెప్పినది మరింత కలచివేస్తుంది. చికిత్స మొదలయ్యేనాటికి వాళ్లలో పురుషుల సగటు బరువు 42.6 కిలోలు, స్త్రీల సగటు బరువు 36.1 కిలోలు. అయిదడుగులకు కాస్త తక్కువగా, 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 36 కిలోలు ఉంటే ఆమె బీఎంఐ 16. ఉండవలసిన కనీసం 18.5. రోగుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు ఆ కనీసానికి దిగువనే ఉన్నారు. మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగినవాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. అయిదు శాతం అంటే 36 కిలోల మనిషికి ఒక కిలో ఎనిమిది వందల గ్రాములు మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ రెండో ఫలితం మొదటిదానంత గట్టిది కాదు. రోగులందరికీ ఆహారం అందింది కాబట్టి, ఆహారం లేని రోగులతో పోల్చే వీలు ఈ పరిశోధనలో లేదు. బరువు పెరగడం వల్ల బతికారా, మందులు బాగా పనిచేసి కోలుకుంటున్నవాళ్లే బరువు పెరిగారా అన్నది దీన్నిబట్టి పూర్తిగా విడదీసి చెప్పలేం. బహుశా రెండూ నిజమే. అలాగే ఆహారం మందులకు బదులు కాదు, ఇంటివాళ్లకు ఇప్పుడు ఇస్తున్న నివారణ మందులకూ బదులు కాదు. తీవ్రంగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఒకటుంది కాబట్టి, అలాంటివాళ్లకు వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా పెంచుతూ పోవాలి.

మరో సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పాలి. ఆహారంలోని ఏదో ఒక పోషకాన్ని వేరుచేసి మాత్రగా ఇస్తే సరిపోతుందన్న ఆశ చాలామందికి ఉండేది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్లపాటు వారం వారం విటమిన్ డి ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. క్షయ క్రిమి సోకడం దానివల్ల తగ్గలేదు. అన్నం, పప్పు కలిసి చేసిన పనిని ఒక విటమిన్ మాత్ర చేయలేకపోయింది. ఆ పిల్లల్లో కొలిచింది క్రిమి సోకడాన్ని, ఝార్ఖండ్‌లో కొలిచింది రోగం రావడాన్ని కాబట్టి రెండింటినీ ఎదురెదురుగా పెట్టి పోల్చడం పూర్తిగా సరికాదు. అయినా కేలరీలు, మాంసకృత్తులు చాలని ఒంటికి ముందు కావలసింది అవే అన్న నమ్మకం నాకు దీనివల్ల బలపడింది.

మన ఇళ్లలో పథ్యం అనే మాటకు చాలా చోట్ల మానేయడం అనే అర్థమే స్థిరపడింది. ఒంట్లో బాగాలేదంటే ముందు పప్పు ఆపుతారు, గుడ్డు వేడి అంటారు, పెరుగు తింటే దగ్గు ఎక్కువవుతుందంటారు, చారన్నంతో సరిపెడతారు. జ్వరం తగ్గేదాకా రెండు రోజులు అలా గడిపితే ఏమీ కాదు. ఆరు నెలలు మందులు వాడే క్షయ రోగికి అదే పథ్యం పెడితే, కండ కట్టాల్సిన సమయంలో కండకు కావలసిన వస్తువులనే దూరం చేసినట్టవుతుంది. ఈ విషయంలో వైద్యులు మందుల చీటీ రాసినంత స్పష్టంగా, రోజుకు ఎంత పప్పు, ఎన్ని గుడ్లు అని అంకెలతో రాసి ఇవ్వాలని నా అభిప్రాయం. బలమైన ఆహారం తీసుకోండి అని నోటితో చెప్పే సలహా ఇంటికి చేరేసరికి పండ్ల రసంగానో, ఖరీదైన పొడి డబ్బాగానో మారిపోతుంది.

ప్రభుత్వం 2018 నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స పొందుతున్న ప్రతి రోగికీ నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి రూపాయలు చేసింది. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్న రోగులకు మొదటి రెండు నెలలు అదనపు శక్తినిచ్చే ఆహారం ఇవ్వాలని, దాతలు సమకూర్చే నిక్షయ్ మిత్ర ఆహార మూటలను ఇంటివాళ్లకూ విస్తరించాలని అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది. ఝార్ఖండ్ ఫలితానికి ఇది నేరుగా దక్కిన గుర్తింపు. అయితే రోగి ఖాతాలో పడే డబ్బు ప్రభుత్వ ఖర్చు, ఇంటివాళ్ల మూట మాత్రం దాతల ఔదార్యం మీద ఆధారపడినది. దాత దొరికిన ఇంటికి అందుతుంది, దొరకని ఇంటికి అందదు. రోగం రాకుండా ఆపిందని తేలింది సరిగ్గా ఆ రెండో మూటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 28 లక్షల మంది కొత్తగా క్షయ బారిన పడ్డారు. ప్రతి ఇంట్లోనూ పక్కన ఉన్నవాళ్లను లెక్కేస్తే ఆ మూట అవసరమైనవాళ్లు కోటి దాటుతారు.

అంతమందికీ ఒకేసారి అందించలేకపోతే ఎవరితో మొదలుపెట్టాలో తేల్చడానికి తూకం యంత్రం, గోడ మీద గీసిన ఎత్తు గీత చాలు. నిర్ధారణ అయిన రోజున ఆశా కార్యకర్త రోగి ఇంటికి ఎలాగూ వెళుతుంది, దగ్గు ఎవరికి ఉందో అడుగుతుంది. అప్పుడే ఇంట్లో ప్రతి ఒక్కరి బరువూ రాసుకుంటే, అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే ఆ ఇంటి తల్లి, 150 సెంటీమీటర్ల ఎత్తుకు ఉండవలసిన 41 కిలోల 600 గ్రాముల కన్నా ఎంత తక్కువలో ఉందో ఆ కాగితం మీదే కనిపిస్తుంది.