పవర్‌బోట్ లైసెన్సు ట్రైనింగ్: అపోహలు - వాస్తవాలు

పవర్‌బోటు నడపడం నేర్పించడం నా పని. ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది పరీక్షలో ఏం అడుగుతారు, ఎన్ని ముడులు వేయించి చూస్తారు అని టెన్షన్ పడుతుంటారు. నా బెంగంతా వాళ్లు అడగని వాటి గురించే. "ఇది నాకు తెలిసిందేలే" అనుకుని వదిలేసిన విషయాలే నీళ్లమీద ప్రాణం మీదికి తెస్తాయి. క్లాసులో మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కారు బాగా నడిపేవాళ్లకి బోటు ఇట్టే వచ్చేస్తుంది.

స్టీరింగ్ చూస్తే అలాగే అనిపిస్తుంది, కానీ మొదటి రోజు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ కారు అలవాటే. కారులో ముందు చక్రాలు తిరిగితే వెనక భాగం వాటి వెంట వస్తుంది. బోటుని నెట్టేది వెనకున్న ఇంజన్ కాబట్టి, స్టీరింగ్ కుడికి తిప్పగానే వెనక భాగం ఎడమవైపుకి జరుగుతుంది. జెట్టీ పక్కనుంచి బయల్దేరేటప్పుడు కారుని తీసినట్టు స్టీరింగ్ తిప్పి ముందుకు పోనిచ్చారంటే, ముక్కు బాగానే దూరం జరుగుతుంది, వెనక భాగం మాత్రం వెళ్లి జెట్టీకి కొట్టుకుంటుంది.

పైగా బ్రేకు లేదు. ఆగాలంటే వేగం తగ్గించి, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఉంచి, రివర్స్ వేయాలి. అవుట్‌బోర్డ్ ఇంజన్‌కి, అంటే బోటు వెనక బయట బిగించే ఇంజన్‌కి, వేరే చుక్కాని ఉండదు, ప్రొపెల్లర్ (నీళ్లలో తిరిగే రెక్కలు) నీటిని ఎటు నెడితే దాన్నిబట్టే బోటు తిరుగుతుంది, అంటే న్యూట్రల్‌లోకి వచ్చాక స్టీరింగ్ ఎంత తిప్పినా పెద్దగా ఫలితం ఉండదు. ఈలోపు గాలి ఒకవైపు, ప్రవాహం ఇంకోవైపు బోటుని లాగుతూనే ఉంటాయి. అందుకే ఒడ్డుకి చేర్చేటప్పుడు ఆ రెంటిలో ఏది బలంగా ఉందో ముందే చూసుకుని, దానికి ఎదురుగా, నెమ్మదిగా రమ్మంటాం. ఎదురుగా వస్తే అదే మనల్ని ఆపుతుంది, దానితోపాటు వస్తే అదే మనల్ని జెట్టీ మీదికి తోస్తుంది.

అపోహ: ట్రైనింగ్‌లో ముఖ్యంగా స్పీడుగా నడపడం నేర్పిస్తారు.

స్పీడు కూడా నేర్పిస్తాం, అయితే అది సులువైన భాగం. ఎక్కువ సమయం పోయేది ఇరుకుచోట తిప్పడం, రివర్స్‌లో తేవడం, బోయాని (నీళ్లమీద తేలే గుర్తుని) పట్టుకోవడం, లంగరు వేయడం లాంటి నిదానమైన పనుల్లోనే.

అపోహ: కిల్ కార్డ్ వేగంగా వెళ్లేటప్పుడు తగిలించుకుంటే చాలు.

కిల్ కార్డ్ అంటే నడిపేవాళ్ల కాలికి చుట్టుకునే ఎర్రటి తాడు, రెండో కొస ఇంజన్ స్విచ్‌కి ఉంటుంది. మనిషి తన చోటునుంచి పడిపోతే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. ఇంత చిన్న వస్తువు మీద నేను అంత గట్టిగా ఎందుకు మాట్లాడతానని కొందరికి విసుగు కూడా వస్తుంది.

2013 మే నెలలో ఇంగ్లండ్‌లోని పాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబంలోని ఆరుగురూ స్పీడ్‌బోటులోంచి ఒకేసారి నీళ్లలో పడిపోయారు. కిల్ కార్డ్ ఎవరికీ తగిలించి లేదు. ఇంజన్ ఆగకపోవడంతో ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ వాళ్ల మీదికే వచ్చింది. తండ్రి, ఎనిమిదేళ్ల కూతురు చనిపోయారు. ఈ సంఘటన చెప్పకుండా నేను ఎవరి చేతికీ థ్రాటిల్ (వేగం పెంచే లివర్) ఇవ్వను. ఇంజన్ స్టార్ట్ చేయకముందే తాడు కాలికి ఉండాలి, డ్రైవర్ మారాలంటే ముందు ఇంజన్ ఆపాలి. అమెరికాలో అయితే 26 అడుగులకన్నా చిన్న బోట్లలో, ఇంజన్ ఆపే స్విచ్ ఉంటే, వేగంగా వెళ్లేటప్పుడు దాన్ని తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే అయింది.

అపోహ: ఎవరైనా నీళ్లలో పడితే బోటుని వాళ్లకి దూరంగా తిప్పాలి.

మనసు అలాగే చెబుతుంది. కానీ పైన చెప్పిన వెనక భాగం సంగతి గుర్తు తెచ్చుకోండి: పడిన వైపుకే స్టీరింగ్ తిప్పితే, వెనకున్న ప్రొపెల్లర్ వాళ్లకి దూరంగా జరుగుతుంది. బోటులో ఒకరు పడినవాళ్లమీదనుంచి చూపు తిప్పకుండా చేత్తో చూపిస్తూనే ఉండాలి, అలల మధ్య తల కనిపించకుండా పోవడానికి ఎంతోసేపు పట్టదు. తిరిగి వచ్చి వాళ్లని అందుకునేటప్పుడు ఇంజన్ ఆపేయాలి, న్యూట్రల్‌ని నమ్ముకోవద్దు.

అపోహ: నాకు ఈత బాగా వచ్చు, లైఫ్‌జాకెట్ అక్కర్లేదు.

చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే శరీరం తనంతట తానే ఎగశ్వాస తీస్తుంది. ఆ మొదటి నిమిషం రెండు నిమిషాలు ఊపిరి మన చేతిలో ఉండదు, ఆ సమయంలో తల నీటిపైన ఉంచేది జాకెట్టే, ఈత కాదు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో ఏటా కనిపించేది ఇదే: సరదా బోట్ల ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మునిగి చనిపోయినవాళ్లే, మునిగినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. సీటు కింద దాచిన జాకెట్‌ని ప్రమాదం జరిగాక వెతికి తొడుక్కోవడం కుదిరే పని కాదు.

అపోహ: రూల్ ప్రకారం దారి నాది, అవతలివాళ్లే తప్పుకుంటారు.

సముద్రంలో పడవలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో "దారి నీది" అనే హామీ దాదాపుగా లేదు. రెండు ఇంజన్ పడవలు అడ్డంగా ఎదురైతే, అవతలి పడవ మన కుడివైపున ఉంటే మనం తప్పుకోవాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. దాటి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, దాటబడే పడవకి దూరంగా జరగాలి. తెరచాప పడవకీ వలలు వేసిన పడవకీ సాధారణంగా మనమే దారివ్వాలి. అయితే దారి తప్పుకోనక్కర్లేని పడవ కూడా, ఎదుటివాళ్లు ఒక్కరు తప్పుకుంటే సరిపోయేంత దూరం ఇక మిగల్లేదని తెలిస్తే, ఢీకొనకుండా తన వంతు చేసి తీరాలి. ఇక ఇరుకు కాలవలో పెద్ద ఓడ వస్తుంటే పక్కకి వెళ్లిపోండి, మీరు 20 మీటర్లలోపు పడవలో ఉండి దానికి అడ్డుపడకూడదు.

ప్రమాదం ఉందో లేదో తెలుసుకునే పద్ధతి చాలా సులువు. అవతలి పడవ దగ్గరవుతున్నా దిక్సూచిలో దాని దిశ మారకపోతే ఢీకొంటామని అర్థం. నేర్చుకునేవాళ్లకి ఇది కళ్లతో చూపించినప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు నాకు ఎంతో ఇష్టం.

అపోహ: ఒకసారి లైసెన్సు వస్తే ఎక్కడైనా నడపొచ్చు.

దేశాన్నిబట్టి మారుతుంది. బ్రిటన్‌లో సముద్రం మీద సరదాకి నడపడానికి చట్టప్రకారం లైసెన్సు అక్కర్లేదు, అయినా చాలామంది రెండు రోజుల కోర్సు చేస్తారు. జర్మనీలో చాలాచోట్ల 15 హార్స్‌పవర్ దాటితే తప్పనిసరి. అమెరికాలో రాష్ట్రానికో తీరు. యూరప్ దేశాల కోసం ఐసీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది, కానీ దాన్ని ఏ దేశం ఎంతవరకు ఒప్పుకుంటుందో అక్కడి అధికారుల్నే అడగాలి. బోయాల రంగులు కూడా మారతాయి: సముద్రంనుంచి రేవులోకి వచ్చేటప్పుడు ప్రపంచంలో ఎక్కువచోట్ల ఎర్ర బోయా ఎడమవైపు ఉంటుంది, అమెరికా ఖండాల్లో, జపాన్‌లో కుడివైపు. కొత్తచోట బోటు అద్దెకి తీసుకునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇదే.

అపోహ: సెల్‌ఫోన్ ఉంటే రేడియో అనవసరం.

ఫోన్ ఒక్కరికే వినిపిస్తుంది, అదీ సిగ్నల్ ఉంటే. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్‌లో పిలిస్తే చుట్టుపక్కల ఓడలన్నీ వింటాయి. దాన్ని వాడటానికి చాలాచోట్ల వేరే సర్టిఫికెట్ కావాలి, కాబట్టి బోటు కోర్సుతోపాటే అదీ చేసేయండి.

అపోహ: పాసయ్యాక ఇక నేర్చుకోవాల్సింది లేదు.

రెండు రోజుల కోర్సులో వచ్చేది మొదలుపెట్టడానికి సరిపడా నైపుణ్యం. ఆ రెండు రోజులూ గాలి లేకుండా గడిచిపోయి ఉంటే, గాలిలో బోటు ఎలా ప్రవర్తిస్తుందో మీరింకా చూడనట్టే. అందుకే మొదటి కొన్నిసార్లు అనుభవం ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంధనంలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగిలిన మూడోవంతు ముట్టుకోకుండా ఉంచుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పటికి వస్తారో ఒడ్డున ఎవరికైనా చెప్పి బయల్దేరండి.