దమ్ముంది కదా, మారథాన్ దింపుదామా సార్? – పిల్లల పరుగు గురించి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో ఉంటుంది. దాని పోస్టర్ వాట్సాప్‌లో తిరగడం మొదలైందంటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. "సారూ, మావోనికి పదహారేండ్లు. పొద్దుగాల లేచి పానగల్లు కట్ట దాకా ఉరికొస్తడు, అలుపన్నదే లేదు. మారథాన్ల ఎక్కిద్దామనుకుంటున్న." అడిగేది తండ్రి కావచ్చు, మేనమామ కావచ్చు, ఒక్కోసారి బడిలో పీఈటీ సారే కావచ్చు. నల్లగొండలో పిల్లలకు పరుగు నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి నాకు ఈ ప్రశ్న తప్పదు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక మాత్రం తగ్గింది. అందుకే రాస్తున్నా.

అపోహ: దమ్మున్న పిల్లల్ని ఎంత తొందరగా మారథాన్ దింపితే అంత తొందరగా పైకొస్తారు

పిల్లల కెరీర్‌ను ఎక్కువగా ముంచుతున్నది ఈ నమ్మకమే. ఒలింపిక్స్‌లో గానీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గానీ మారథాన్‌కు, అంటే 42 కిలోమీటర్ల పరుగుకు, పేరివ్వాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 20 ఏళ్లు నిండాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు అక్కడ 5000 మీటర్లలో సీనియర్లతో తలపడొచ్చు, మారథాన్ లైను మీద మాత్రం నిలబడనివ్వరు. మన దగ్గర క్రాస్ కంట్రీలో, అంటే ట్రాక్ కాకుండా మట్టి, గడ్డి నేల మీద పెట్టే పరుగులో, అండర్-20 అబ్బాయిలకు ఉండేది 8 కిలోమీటర్లు, అమ్మాయిలకు 6. ఈ రూల్స్ పెట్టినవాళ్లకు పిల్లల దమ్ము తెలియక పెట్టలేదు.

కెన్యా మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్‌చోగే పేరు తెలియని రన్నర్ లేడు. 2003లో, 18 ఏళ్ల వయసులో 5000 మీటర్లలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొదటి మారథాన్ ఎప్పుడు పరుగెత్తాడు? 2013లో, హాంబర్గ్‌లో, 28 ఏళ్లకు. మధ్యలో పదేళ్లు ట్రాక్ మీదే ఉన్నాడు. కెన్యాకే చెందిన శామ్యూల్ వంజిరు 18 ఏళ్లకే హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) ప్రపంచ రికార్డు కొట్టాడు, 59 నిమిషాల 16 సెకన్లు. అంతటివాడు కూడా ఫుల్ మారథాన్‌కు 21 ఏళ్లు వచ్చేదాకా ఆగాడు. ఆ మరుసటి ఏడాదే, 2008లో, బీజింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. "వంజిరు చిన్నప్పుడే గెలిచిండు కద సార్" అని నాతో వాదించేవాళ్లు ఆ మధ్యలో రెండేళ్లకు పైగా ఆగిన కాలాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఎదురు ఉదాహరణ లేదని కాదు. ఇథియోపియా కుర్రాడు త్సెగాయె మెకొన్నెన్ 2014లో 18 ఏళ్లకే దుబాయ్ మారథాన్ గెలిచాడు, 2 గంటల 4 నిమిషాల 32 సెకన్లలో. అబ్బురమే. కానీ ఆ తర్వాత అతను ఆ టైమును మళ్లీ దాటలేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, మన వాళ్లకు మారథాన్ అంటే ఓపిక ఆట. నిజానికి అది వేగం ఆట. 2023లో షికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో పూర్తి చేశాడు. ట్రాక్ లెక్కలో చెప్తే 400 మీటర్ల ల్యాపుకు 69 సెకన్లు, అట్లా 105 ల్యాపులు దాటి. మీ అబ్బాయిని గ్రౌండుకు తీసుకెళ్లి 69 చొప్పున వరుసగా నాలుగు ల్యాపులు తిరగమనండి. తిరిగితే వాడు 1500 మీటర్లలో జిల్లా స్థాయి దాటిపోయే పిల్లాడు, రోడ్డు మీద 42 కిలోమీటర్లు ఈడ్పించి పాడు చేయొద్దు. తిరగలేకపోతే వాడికి ముందు కావాల్సింది వేగం, కిలోమీటర్లు కాదు. ఎటు చూసినా సమాధానం ఒకటే. వేగం నేర్చుకోవడానికి పదహారు, పదిహేడు మంచి వయసు. ఆ వయసంతా నెమ్మదిగా ముప్పై కిలోమీటర్ల లాంగ్ రన్నులు చేస్తే కాళ్లకు ఆ నడకే అలవాటవుతుంది. ఇరవై రెండేళ్లకు వచ్చి "కిక్ (చివర్లో అందుకునే వేగం) పెంచండి సార్" అంటే చాలా కష్టం.

మర్రిగూడ దిక్కు నుంచి ఒక బత్తాయి రైతు కొడుకును తీసుకొచ్చి ఇదే అడిగాడు. మూడో ఏడు చెట్టుకు పూత వస్తే ఏం చేస్తరన్నా అని అడిగాను. "దులిపేస్తం సారూ, కాయనిస్తే చెట్టు ఎదగదు" అన్నాడు. ఇంకేం చెప్పలేదు నేను. ఆ పిల్లాడు ఇప్పుడు 3000 మీటర్లు పరుగెత్తుతున్నాడు.

అట్లాగని మారథాన్ పరుగెత్తితే పిల్లలు అక్కడికక్కడే కూలిపోతారనే పుకారూ నమ్మకండి. అమెరికాలో ట్విన్ సిటీస్ మారథాన్‌లో 1982 నుంచి 2007 దాకా 18 ఏళ్లలోపు పిల్లలు మూడు వందల మందికి పైగా పూర్తి చేశారు. రేసు రోజున వైద్యం అవసరమైనవాళ్లు కొద్దిమందే. ఒక్క రోజు పరుగుతో కాదు ముప్పు, దానికోసం నెలల తరబడి చేసే ట్రైనింగ్‌తో. పొడుగు ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లు అమ్మాయిలకు పద్నాలుగు, పదిహేనులో, అబ్బాయిలకు పదహారు, పదిహేడులో మూసుకుంటాయి, కొందరికి ఇంకా ఆలస్యంగా. ఎదిగే ఎముకలో బలహీనమైన చోటు అదే. పెద్దయ్యాక ఉండాల్సిన ఎముక బలంలో 90 శాతం దాకా అమ్మాయిలకు 18, అబ్బాయిలకు 20 వచ్చేసరికి చేరుతుంది. ఆ సమయంలో తిండి చాలక కిలోమీటర్లు ఎక్కువైతే ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం.

అపోహ: కాలి ఎముక నొప్పి అంటే ఫ్లోరైడ్ నీళ్ల వల్లే

ఇది మన జిల్లాకే ప్రత్యేకం. వేరే ఊళ్లలో షిన్ పెయిన్ వస్తే బూట్లను తిడతారు, ఇక్కడ బోరు నీళ్లను తిడతారు. తప్పు పట్టలేను. మునుగోడు, మర్రిగూడ వైపు నడుం వంగిపోయిన నాయనమ్మను చూస్తూ పెరిగిన ఇంట్లో ఎముక నొప్పి అనగానే ఇంకో ఆలోచన ఎట్లా వస్తుంది?

1500లో బాగా పరుగెత్తే ఒక అమ్మాయి, అప్పటికి పదహారు. బాబాయి ప్రోత్సాహంతో హాఫ్ మారథాన్‌కు తయారవుతోందని నాకు తెలియదు. కుంటుతూ వచ్చింది. ఎక్స్‌రే తీయించారు, ఏమీ లేదన్నారు. "నీళ్లతోటే సారూ, క్యాల్షియం గోలీలు రాసిచ్చిండ్రు" అని వాళ్లమ్మ చెప్పింది. గ్యాలరీ మెట్టు మీద కూర్చోబెట్టి మోకాలి కింద నుంచి ఎముక మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. పైన ఏమీ లేదు, మధ్యలో ఏమీ లేదు. చీలమండకు నాలుగు వేళ్ల పైన, రూపాయి బిళ్లంత చోట వేలు ఆనగానే కాలు లాక్కుంది. ఆ కాలి మీద ఒంటికాలితో గెంతమంటే గెంతలేకపోయింది. ఫ్లోరోసిస్ నొప్పి అట్లా ఉండదు. ఏళ్ల మీద నెమ్మదిగా, నడుములో, మెడలో, కీళ్లలో బిగుసుకుంటూ వస్తుంది. ఒకే చోట, పరుగెత్తితే పెరిగి ఆగితే తగ్గే నొప్పి ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) అని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఈ అమ్మాయికి ఎమ్మారైలో తేలింది.

మా దగ్గర పనిచేసే మేడమ్‌తో ఆ అమ్మాయి చెప్పిన ఇంకో సంగతి, కొన్ని నెలలుగా పీరియడ్స్ రావడం లేదని. "రన్నర్లకు అది మామూలే" అని ఎవరో చెప్పారట. మామూలు కాదు. పరుగుకు సరిపడా తిండి లేదని ఒళ్లు చెప్తున్న మాట అది, ఎముక చిట్లడానికీ దానికీ సంబంధం ఉంది. ఆమెకు ఎనిమిది వారాలు పరుగు బంద్ పెట్టాం. గుడ్లు, పల్లీలు, పాలు, అన్నం కొంచెం ఎక్కువ. తర్వాత నడక, నడక మధ్యలో పరుగు. మళ్లీ 1500కే వచ్చింది. బాబాయితో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను.

ఇక మిగతావి గబగబా. పరుగెత్తితే పొడుగు పెరగరు అనేది ఉత్త మాట, తిండి సరిగ్గా ఉన్నంతవరకు ఎత్తుకు ఢోకా లేదు. గుండె ఆగిపోతుందన్న భయం ఆరోగ్యంగా ఉన్న పిల్లల విషయంలో అక్కర్లేదు. కానీ పరుగు మధ్యలో కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ముందు డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించండి, తర్వాతే గ్రౌండు. అలిసిపోతుంటే బద్ధకం అనుకోకండి. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

కానిస్టేబుల్ ఉద్యోగానికి మారథాన్ పనికొస్తుందనుకునేవాళ్లు ఎక్కువే. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టింది 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. అంటే కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాలు. నాలుగు గంటల్లో మారథాన్ ముగించేవాడి పేస్ దాదాపు ఐదు నిమిషాల నలభై సెకన్లు. ఆ పేస్‌లో ఎన్ని నెలలు తిరిగినా 1600 టైమ్ ఎట్లా వస్తుంది? ఇక ఫినిషర్ మెడల్‌తో స్పోర్ట్స్ కోటా వస్తుందని ఎవరైనా చెప్తే, వాళ్లను ఒకసారి నోటిఫికేషన్ చదవమనండి. కోటాకు లెక్కలోకి వచ్చేది గుర్తింపు ఉన్న ఫెడరేషన్ పోటీలు, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్), యూనివర్సిటీ మీట్ల సర్టిఫికెట్లు. డబ్బు కట్టి నంబరు తీసుకునే రోడ్డు రన్‌లు కావు.

అయితే పదహారేళ్లకు ఏం చేయాలి? 800, 1500, 3000. చలికాలంలో క్రాస్ కంట్రీ. వారంలో పొడవైన పరుగు గంట, మహా అయితే గంటంబావు, పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగే వేగంతో. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి. మన ఎండలకు మార్చి నుంచి తెల్లారకముందే ముగించాలి. 10కె (10 కిలోమీటర్లు) సరదా పద్దెనిమిది దాటాక, హాఫ్ ఆ తర్వాత, ఫుల్ గురించి ఇరవై దాటాక మాట్లాడదాం.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుతున్నా. పెద్ద మారథాన్లు 18 నిండనివాళ్లకు ఫుల్ రిజిస్ట్రేషన్ ఇవ్వవని అన్న ఆధార్ కార్డు పెట్టి తమ్ముణ్ని దింపుతున్నారు. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనక బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాయించేది పిల్లాడు దారిలో పడిపోతే చూడటానికే. మెడికల్ టెంటులో ఉన్నవాళ్లకు అన్న పేరు, అన్న బ్లడ్ గ్రూపు, అన్న వయసు కనిపిస్తాయి. ఫోన్ వెళ్లేదీ అన్నకే, అతను ఆ టైముకు డ్యూటీలో ఉంటాడు.