హెడ్‌ఫోన్ యాంప్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రాడు మా షాపుకు వచ్చాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. చేతిలో 300 ఓమ్స్ (కరెంటుకు అడ్డుపడే కొలత) హెడ్‌ఫోన్, దాని కోసమే కొత్తగా తెప్పించుకున్న బొటనవేలంత యాంప్ (సౌండ్ సిగ్నల్‌కు బలం ఇచ్చే పరికరం). "అన్నా, ఇది పాడైనట్టుంది. వాల్యూమ్ ఫుల్ పెట్టినా పంతులుగారి మంత్రాలు సరిగా వినపడడం లేదు" అన్నాడు. మీటర్ పెట్టి చూశాను. యాంప్ పాడవలేదు. డబ్బా మీద రాసినంత పవర్ ఇస్తూనే ఉంది. ఆ హెడ్‌ఫోన్‌కు ఆ యాంప్ సరిపోదు, అంతే.

కడపలో ఏడు రోడ్ల దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఆడియో రిపేర్లు చేస్తున్నాను. టేప్ రికార్డర్లతో మొదలైంది. ఇప్పుడు వారానికి నలుగురైదుగురు హెడ్‌ఫోన్ యాంప్ గురించి అడుగుతున్నారు. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ తీసేశారు. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అప్పటినుంచి డాంగిల్ (ఫోన్ చార్జింగ్ రంధ్రానికి తగిలించే చిన్న హెడ్‌ఫోన్ జాక్), డాక్ (డిజిటల్ పాటను కరెంటు సిగ్నల్‌గా మార్చేది), యాంప్ అనే మాటలు మన ఊరి పిల్లల నోట్లో కూడా నలుగుతున్నాయి. వాటితోపాటు అపోహలూ వచ్చాయి. మా కౌంటర్ మీద ఎక్కువగా వినిపించేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎక్కువ మిల్లీవాట్లు రాసి ఉంటే అదే బలమైన యాంప్.

ఆ కుర్రాడు పడ్డది ఇక్కడే. అతను చూసిన రెండు యాంప్‌లలో ఒకదాని మీద 100 మిల్లీవాట్లు, రెండోదాని మీద 40 మిల్లీవాట్లు అని ఉంది. 100 చూసి అది కొన్నాడు. కానీ ఆ 100 పక్కన చిన్న అక్షరాల్లో "16 ఓమ్స్ దగ్గర" అని ఉంది. 40 పక్కన "300 ఓమ్స్ దగ్గర" అని ఉంది. లెక్క వేసి చూడండి. 16 ఓమ్స్‌లోకి 100 మిల్లీవాట్లు అంటే ఆ యాంప్ ఇచ్చే వోల్టేజ్ సుమారు 1.26. అదే వోల్టేజ్ 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు ఇస్తే వచ్చేది 5 మిల్లీవాట్లకు కాస్త ఎక్కువ. రెండో యాంప్ దాదాపు 3.5 వోల్ట్‌లు ఇస్తుంది. అతని హెడ్‌ఫోన్‌కు ఆ "40" యాంప్ ఏడు రెట్లకు పైగా పవర్ ఇవ్వగలదు.

మన జిల్లాలో బోరుకు మోటారు కొనడానికి వెళ్లిన రైతును చూడండి. షాపువాళ్లు హార్స్‌పవర్ సంగతి తర్వాత చూస్తారు. ముందు అడిగేది "ఎన్ని అడుగుల బోరు? నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి?" అని. లోతు బోరులో నీటిని అంత పైకి నెట్టాలి. లోతు లేని బావిలో పైకి నెట్టే పని తక్కువ, నీళ్లు మాత్రం దండిగా పారించాలి. ఒకే హార్స్‌పవర్ ఉన్నా ఆ రెండు మోటార్లు ఒకటి కావు. హెడ్‌ఫోన్ యాంప్‌లో పైకి నెట్టే బలం వోల్టేజ్, పారే నీళ్లు కరెంటు. హెడ్‌ఫోన్ ఏది అడుగుతోందో తెలియకుండా మిల్లీవాట్ల అంకె ఒక్కటే చూస్తే, బోరు లోతు చెప్పకుండా మోటారు కొన్నట్టే అవుతుంది.

అపోహ: ఓమ్స్ ఎక్కువుంటే యాంప్ కావాలి, తక్కువుంటే అక్కర్లేదు.

సగమే నిజం. ఓమ్స్‌తో పాటు సెన్సిటివిటీ అనే అంకె కూడా చూడాలి. ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అది చెబుతుంది.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తీసుకోండి. 300 ఓమ్స్, సెన్సిటివిటీ 97 డెసిబెల్స్. పాటలో పెద్ద దెబ్బ పడ్డప్పుడు 110 డెసిబెల్స్ దాకా వెళ్లాలంటే సుమారు 2.4 వోల్ట్‌లు కావాలి, కరెంటు 8 మిల్లీయాంపులు చాలు. ఇప్పుడు హైఫైమాన్ హెచ్ఈ400ఎస్ఈ చూడండి. 25 ఓమ్సే. కానీ సెన్సిటివిటీ 91 డెసిబెల్స్. అదే 110కి వెళ్లాలంటే వోల్టేజ్ 1.4 చాలు, కరెంటు మాత్రం 56 మిల్లీయాంపులు కావాలి. అంటే ఏడు రెట్లు. ఓమ్స్ తక్కువ కదా అని దాన్ని బలహీనమైన డాంగిల్‌కు తగిలిస్తే, గట్టిగా వాయించేచోట సౌండ్ నలిగిపోతుంది. మొదటిది లోతు బోరు, రెండోది ఎక్కువ నీళ్లు తాగే పొలం.

ఇక ఎక్కువమంది దగ్గర ఉండే రకం: ఆడియో టెక్నికా ఎం50ఎక్స్. 38 ఓమ్స్, 99 డెసిబెల్స్. ఒక్క వోల్ట్ ఇచ్చే మామూలు డాంగిల్‌తోనే అది 113 డెసిబెల్స్ దాకా పోతుంది. దానికి విడిగా యాంప్ కొననక్కర్లేదు. మా షాపులో అడిగినవాళ్లకు నేను ఇదే చెప్పి పంపిస్తాను. బేరం పోయినా ఫర్వాలేదు.

అపోహ: పవర్ రెట్టింపైతే సౌండ్ రెట్టింపు.

పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. వింటే తేడా తెలుస్తుంది, అంతకు మించి లేదు. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. 200 మిల్లీవాట్లది వదిలేసి 300ది కొనడానికి ఎక్కువ డబ్బు పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

అపోహ: హై గెయిన్‌లో పెడితేనే యాంప్ అసలు బలం బయటికొస్తుంది.

గెయిన్ అంటే వచ్చిన సిగ్నల్‌ను యాంప్ ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సెట్టింగ్. చెవిలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు ఈ అపోహవల్ల బాగా ఇబ్బంది పడుతున్నారు. చాలా ఇయర్‌ఫోన్ల సెన్సిటివిటీ 105, 110 డెసిబెల్స్ ఉంటుంది. యాంప్‌లో సహజంగా ఉండే కాస్త సన్నని శబ్దాన్ని కూడా అవి వినిపిస్తాయి. "పాట ఆపినా ఉస్స్ అని వస్తోంది, ఐసీ పోయిందేమో చూడన్నా" అని తెచ్చిన యాంప్‌లలో చాలావాటికి నేను చేసిన రిపేరు గెయిన్ స్విచ్‌ను కిందికి జరపడమే.

ఇంకో తిప్పలుంది. నాబ్ తిప్పే యాంప్‌లలో వాల్యూమ్ కంట్రోల్ లోపల ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు కార్బన్ ట్రాకులుంటాయి. బాగా కింద, మొదటి కాస్త తిప్పులో ఆ రెండూ సమానంగా ఉండవు. హై గెయిన్‌లో ఇయర్‌ఫోన్ పెడితే మీరు వినేది ఎప్పుడూ ఆ మొదటి తిప్పులోనే. దాంతో గొంతు ఒక పక్కకు లాగినట్టుంటుంది. లో గెయిన్‌లో పెట్టి నాబ్‌ను సగం దాకా తేగలిగితే ఆ ఇబ్బంది ఉండదు. మన దుమ్ముకు ఆ ట్రాకులు గరగరమంటాయి కూడా. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. కొబ్బరినూనె మాత్రం వేయకండి. అలా వేసి తెచ్చినవి కడగడానికి నాకు సగం రోజు పడుతోంది.

అపోహ: మంచి యాంప్ పెడితే ప్రతి హెడ్‌ఫోన్ సౌండ్ మారిపోతుంది.

సరిపడా వోల్టేజ్, కరెంటు ఇస్తూ, తన సొంత రొద కలపని యాంప్‌లు రెండు పక్కపక్కన పెడితే, మామూలు హెడ్‌ఫోన్‌లో వాటిమధ్య తేడా కనిపెట్టడం చాలా కష్టం. "కాదన్నా, నాకు స్పష్టంగా తెలుస్తోంది" అనేవాళ్లను నేను తప్పుపట్టను. ఎక్కువసార్లు తెలిసేది వాల్యూమ్ తేడా. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగున్నట్టు, వివరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే మా షాపులో రెండు యాంప్‌లు పోల్చేటప్పుడు 400 హెర్ట్జ్ కంటే తక్కువ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజ్ సమానం చేస్తాను. టోన్ అంతకంటే ఎక్కువైతే మామూలు మల్టీమీటర్ సరిగా చూపించదు. ఆ తర్వాత ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాను. అన్నమయ్య కీర్తనలు నేర్పే ఒక టీచరమ్మ అలా నాలుగుసార్లు విని, తక్కువ ధరదే తీసుకుని వెళ్లారు.

కానీ నిజంగా సౌండ్ మారే చోటు ఒకటుంది. అది యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే హెడ్‌ఫోన్ వైపు యాంప్‌కు ఉండే సొంత అడ్డు. దీన్నీ ఓమ్స్‌లోనే కొలుస్తారు. కొన్ని ఇయర్‌ఫోన్ల ఓమ్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండవు. ఒకచోట 10, ఇంకోచోట 40 అనుకుందాం. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కూడా 10 ఓమ్స్ ఉంటే ఆ రెండుచోట్ల మధ్య 4 డెసిబెల్స్ తేడా వచ్చిపడుతుంది. అది చిన్న తేడా కాదు, వీణ వీణలా ఉండదు. యాంప్‌ది 1 ఓమ్ అయితే ఆ తేడా 0.6 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు కంటే యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువుండాలన్నది మేం పాటించే లెక్క. డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయరు. వెతికి చూడాల్సిన అంకె ఇదే.

అపోహ: ఖరీదు తక్కువైతే నాణ్యత ఉండదు.

పిప్పరమెంటు డబ్బాలో 9 వోల్ట్‌ల బ్యాటరీ, ఒక ఆప్‌యాంప్ ఐసీ (సిగ్నల్‌ను పెంచే చిప్) పెట్టి ఇంట్లోనే చేసుకునే యాంప్ ఒకటుంది. చూ మోయ్ అనే ఆయన డిజైన్ కాబట్టి సీమాయ్ అంటారు. నేను మొదట చేసిన హెడ్‌ఫోన్ యాంప్ అదే. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు ఓ2 అనే యాంప్ సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చాడు, కొలతలతో సహా. రెండు 9 వోల్ట్‌ల బ్యాటరీలు, బజారులో దొరికే మామూలు ఐసీలు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ కంటే తక్కువ. ఎంతో ఖరీదైన వాటి పక్కన కొలతల్లో గట్టిగా నిలబడింది. డిజైన్ సరిగా ఉంటే తక్కువ ఖర్చుతో కూడా శుభ్రమైన సౌండ్ వస్తుందని నాకు నమ్మకం కుదిరింది దానితోనే.

ఐసీ మారిస్తే సౌండ్ తియ్యగా మారుతుందని విని సాకెట్‌లో ఖరీదైన ఆప్‌యాంప్‌లు మార్చేవాళ్లున్నారు. ఆ సర్క్యూట్‌కు పడని వేగమైన ఐసీ పెడితే అది చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో తనంతట తాను ఊగిపోతుంది. వేడెక్కుతుంది, బ్యాటరీ తాగేస్తుంది. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోప్ లేకుండా ఆ పని చేయొద్దని నా మాట.

అపోహ: 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ ఉంటేనే కొనాలి.

బ్యాలెన్స్‌డ్ అంటే ఎడమకు, కుడికి విడివిడిగా తీగల జతలు ఉండేది. దాని ముఖ్య లాభం వోల్టేజ్. మామూలు జాక్‌తో పోలిస్తే రెండింతల దాకా వస్తుంది. ఆ కుర్రాడి 300 ఓమ్స్ లాంటివాటికి పనికొస్తుంది. ఇయర్‌ఫోన్ వాడేవాళ్లకు దాని అవసరం లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లకు యాంప్ కలుపుతామని వచ్చేవాళ్లకు ఒక్కమాటే చెబుతాను. వాటి లోపలే డాక్, యాంప్ రెండూ ఉంటాయి. బయట ఏది పెట్టినా ఉపయోగం లేదు. డాక్‌ల మీద రాసే 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అన్న అంకెల విషయమూ అంతే. సీడీల నాటి 16 బిట్‌లోనే బాగా చిన్న శబ్దానికీ బాగా పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. కూలర్ తిరిగే మన గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు.

అపోహ: బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిది.

కడపలో మే నెల తెలిసినవాళ్లెవరూ ఈ మాటను అంత తేలిగ్గా తీసుకోకూడదు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. అందులోనూ ఫుల్ చార్జ్ మీద వేడిలో ఉంటే త్వరగా ముసలిదైపోతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేసినవి, ఫోన్ వెనక రబ్బరు బ్యాండ్లతో బిగించి రెండూ కలిసి వేడెక్కిపోయేలా వాడినవి, ప్రతి ఎండాకాలం బ్యాటరీ ఉబ్బి నా దగ్గరికి వస్తాయి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగ్ పెట్టకండి. వాడని నెలల్లో సగం చార్జ్‌తో చల్లనిచోట ఉంచండి. వినేది ఎక్కువగా ఇంట్లోనో, బస్సులోనో అయితే బ్యాటరీ లేని డాంగిల్ మనకు మేలు. ఫోన్ చార్జ్ కాస్త ఎక్కువ తింటుంది, అంతే.

చార్జింగ్ పెట్టి వింటుంటే గుయ్ మనే శబ్దం వస్తే యాంప్ పాడైందని కంగారుపడకండి. చార్జర్ తీసి చూడండి. తీయగానే ఆగితే అది చార్జర్ నుంచో, గ్రౌండ్ నుంచో వస్తున్నట్టే.

అపోహ: యాంప్ మంచిదైతే ఎంత పెంచినా చెవికి ఏమీ కాదు.

ఇది వింటే నాకు నిజంగా భయమేస్తుంది. శుభ్రమైన సౌండ్ చెవిని కాపాడదు. ఎక్కడా నలగదు కాబట్టి ఇంకాస్త, ఇంకాస్త అని పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు సగటున 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 83కు 20 గంటలు, 86కు 10.

ప్రొద్దుటూరు కుర్రాడి హెడ్‌ఫోన్ కూడా 97 డెసిబెల్స్ రకమే. దానికి సగటున 80 డెసిబెల్స్ రావడానికి 0.08 వోల్ట్ కూడా అక్కర్లేదు. మిగతా వోల్టేజ్ అంతా నాదస్వరం, డోలు ఒక్కసారిగా లేచే చోట్లకు, మంటపంలో మైక్ దూరంగా పెట్టి తీసిన లెవెల్ లేని రికార్డింగులకు. అతను పాత యాంప్ వాపసు ఇచ్చి, "40" అని రాసి ఉన్నదే తెచ్చుకున్నాడు. దాన్ని పట్టుకుని మళ్లీ వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో తను మామూలుగా వినే పాటలు పెట్టించాను. మీటర్ సగటున 77 మిల్లీవోల్ట్‌ల దగ్గర ఆడేలా నాబ్ తిప్పి, నాబ్ మీది గీత ఆగినచోట పక్కన తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టి ఇచ్చాను. మంత్రాలు సరిచేసేటప్పుడు చుక్క దాటినా, పాటలు వినేటప్పుడు మళ్లీ అక్కడికే తెచ్చుకోమన్నాను.