చివర పది నిమిషాల ట్విస్టు

పిల్లలూ,

మొన్న చూసొచ్చిన సినిమా గురించి మీరిద్దరూ ఫోన్లో ఒకేసారి చెబుతుంటే నాకు సగమే అర్థమైంది. రెండు గంటలు బోరు కొట్టిందని పెద్దది, ఆఖరి పది నిమిషాలు అదిరిపోయాయని చిన్నోడు. క్లైమాక్స్ అంత బాగున్నాక కథ ఎట్లుంటే ఏమని వాడి వాదన. ఫోన్లో తెగేది కాదని రాస్తున్నా.

మీరు చెప్పిందాన్ని బట్టి, పోలీసాయన సినిమా అంతా ఇంట్లోవాళ్ళందరినీ అనుమానిస్తాడు. ఒక్కరి మీదా ఆధారం దొరకదు. చివరికి హత్య చేసింది హీరో కవల తమ్ముడని తేలుతుంది. అంతవరకూ ఆ తమ్ముడి ఊసే లేదు! గోడ మీద ఫొటో లేదు, తల్లి నోట ఒక్క మాటైనా జారలేదు. ఉలిక్కిపడ్డారు, నిజమే. తలుపు చాటు నుంచి ఎవరైనా 'భౌ' మన్నా ఉలిక్కిపడతారు.

అదే తల్లి రోజూ అన్నాలప్పుడు ఒక కంచం ఎక్కువ పెట్టి, మాట్లాడకుండా తీసేస్తుందనుకోండి. ఈ డైరెక్టరుకు మతి లేదా అనుకుంటాం. తమ్ముడు బయటపడ్డాక ఆ కంచం గుర్తొచ్చి గుండె కలుక్కుమంటుంది. అప్పుడు ట్విస్టు వెనక్కి వెళ్ళి చప్పటి సీన్లకు కూడా ప్రాణం పోస్తుంది. మీ సినిమాలో తమ్ముడొచ్చి ఆ రెండు గంటలకు కొత్తగా కలిపిందేమీ లేదు.

హిచ్‌కాక్ అనే దర్శకుడు ఒక లెక్క చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉందని చెప్పకుండా పేలిస్తే ప్రేక్షకుడికి 15 సెకన్ల అదురు. ముందే చూపించి, బల్ల దగ్గరి వాళ్ళను కబుర్లాడుకోనిస్తే 15 నిమిషాల టెన్షన్. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డికీ ఆ కిటుకు బాగా తెలుసు. 1957లో ఆయన తీసిన మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు ముందే తెలుసు. తెలియనిది పాపం లక్ష్మణకుమారుడికే. సావిత్రి ముఖంలో ఒక క్షణం పెళ్ళికూతురి సిగ్గు, మరుక్షణం రాక్షసుడి పొగరు. రేలంగి బిక్కమొహం వేస్తాడు. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళు రామాయణం ఆడినా అంతే, రావణుడు చస్తాడని తెలియనిదెవరికి?

అట్లని ట్విస్టులే వద్దనను. నాకూ ఇష్టమే. 1999లో శ్యామలన్ తీసిన సిక్స్త్ సెన్స్ చూడండి. చచ్చిపోయినవాళ్ళు కనబడే పిల్లాడు, వాడికేమైందో తెలియక నలిగిపోయే తల్లి. చివరి రహస్యం కత్తిరించేసినా వాళ్ళిద్దరి కథ నిలబడుతుంది. కార్లో వాడు అమ్మకు అసలు సంగతి చెప్పే సీను చూస్తే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఇక రహస్యం తెలిశాక మళ్ళీ చూస్తే, మొదటిసారి పట్టించుకోని మాటలే వేరేగా వినబడతాయి. అదేమిటో చెప్పను, మీరింకా చూడలేదు కదా. మరి మీ కవల తమ్ముణ్ణి రెండోసారి చూడమంటే చూస్తారా? పెద్దది ఇంటర్వెల్‌కే లేచొస్తుంది.

ఇంకొకటి. అక్క ఆ ట్విస్టు పక్కింటి పిల్లాడికి చెప్పేసిందని, ఇక వాడికి చూడ్డానికి ఏమీ మిగల్లేదని చిన్నోడు గొడవ చేశాడు. చెప్పడం అక్కదే తప్పు. కానీ ఒరేయ్, ఒక్క మాటతో సినిమా మొత్తం అయిపోయిందంటే, మిగతా రెండు గంటల్లో ఏమీ లేదని నువ్వే ఒప్పుకున్నట్టు కాదూ?

మీ అవ్వ,
అనంతపురం