నోత్రదామ్ మీద సీసపు కప్పు

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్ కప్పు తగలబడినప్పుడు, మధ్యయుగాల నాటి ఓక్ దూలాలతో పాటు వాటిని కప్పి ఉన్న సీసపు రేకులు కూడా కరిగి కారిపోయాయి. కప్పులోనూ శిఖరంలోనూ కలిపి అక్కడున్న సీసం 400 టన్నులకు పైమాటే. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కనుక అంతటి మంటకు నిలవలేదు. అయినా పునర్నిర్మాణంలో మళ్లీ సీసమే పరిచారు.

సీసపు కప్పు పని వడ్రంగానికి దగ్గరగా, లోహశాస్త్రానికి దూరంగా అనిపిస్తుంది గానీ, అందులోని ప్రతి మడతకూ భౌతికశాస్త్రమే కారణం. పరమ ఉష్ణోగ్రతామానంలో, అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌ను సున్నాగా తీసుకునే కొలతలో, సీసం 600 డిగ్రీల వద్ద కరుగుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ ఉన్న మామూలు రోజు అదే కొలతలో 300 డిగ్రీలు, అంటే సరిగ్గా సగం. ఇనుము తన ద్రవీభవన స్థానంలో సగానికి చేరాలంటే దాన్ని ఎర్రగా, 630 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. అందుచేత మనకు చల్లగా తగిలే సీసం, తన లెక్కలో తాను కాలిన ఇనుము వంటిదే: ఏటవాలు కప్పు మీద సొంత బరువుకే ఏళ్ల తరబడి మెల్లమెల్లగా సాగుతూ ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మందం గల రేకు చదరపు మీటరుకు 57 కిలోల దాకా తూగుతుందంటే ఆ లాగుడు ఎంతటిదో ఊహించవచ్చు. పైగా 2 మీటర్ల రేకు 50 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది.

కాబట్టి రేకులను చిన్నవిగా కోసి, పై అంచును మాత్రం గట్టిగా పట్టించి, పక్క అంచులను ఒకదానిపై ఒకటి చుట్టి వదులుగా ఉంచుతారు. నాలుగు వైపులా మేకులు దిగగొడితే, కదలలేని రేకు కొన్నేళ్లకు పగులుతుంది. టంకం పెట్టి అతికించినా అంతే.

అడుగువైపు మరో చిక్కు ఉంది. ఓక్ చెక్క నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి, తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసాన్ని తెల్లని పొడిగా మారుస్తాయి. ఒకప్పుడు చిత్రకారుల తెల్ల రంగును దాదాపు ఇలాగే, కావాలని, తయారుచేసేవారు. గాలి ఆడితే ఈ తినివేత తగ్గుతుంది.

భౌతికశాస్త్రం తీర్చలేని అభ్యంతరం ఒకటుంది: సీసం విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకు. అగ్నిప్రమాదంలో లేచిన సీసపు ధూళి వల్ల 2019 వేసవిలో కొన్ని వారాలు పనులే ఆపవలసి వచ్చింది. ఆ విమర్శను తేలిగ్గా తీసిపారేయలేమని నా అభిప్రాయం. కొత్త కప్పు కింద ఇప్పుడు మంట రాజుకుంటే నీటి తుంపరలు చిమ్మే ఏర్పాటు ఉంది.