నిప్పు పెట్టింది పబ్లిషర్ గుమ్మానికి

2008 సెప్టెంబర్ 27, శనివారం. ఇంకా తెల్లవారలేదు. లండన్ ఇస్లింగ్టన్‌లోని లాన్స్‌డేల్ స్క్వేర్‌లో ఒక ఇంటి తలుపుకి ఉత్తరాలు వేసే సందు ఉంది. అందులోంచి డీజిల్ పోసి నిప్పంటించారు. గిబ్సన్ స్క్వేర్ అనే చిన్న ప్రచురణ సంస్థకు ఆ ఇల్లే ఆఫీసు. యజమాని మార్టిన్ రింజా లోపల లేరు. పోలీసులకు ముందే ఉప్పందడంతో ఆయన్ని అక్కడి నుంచి పంపించేశారు. కాపు కాసి నిందితులను పట్టుకున్నారు కూడా. మరుసటి ఏడాది ముగ్గురికి నాలుగున్నరేళ్ల చొప్పున జైలు పడింది.

రింజా చేసిందల్లా ఒక నవల వేస్తానని ఒప్పుకోవడం. బ్రిటన్‌లో అది అప్పటికింకా మార్కెట్లోకి రానేలేదు.

ఆ నవల పేరు ‘ది జ్యుయెల్ ఆఫ్ మదీనా’. ప్రవక్త ముహమ్మద్ భార్య ఆయిషా జీవితం మీద అమెరికన్ జర్నలిస్టు షెర్రీ జోన్స్ రాసిన కల్పన. వచ్చాక సమీక్షకులు పెదవి విరిచారు. నిజానికి దీన్ని మొదట కొన్నది అమెరికాలోని పెద్ద సంస్థ ర్యాండమ్ హౌస్. రెండు పుస్తకాలకు కలిపి లక్ష డాలర్ల ఒప్పందం. 2008 ఆగస్టులో విడుదల చేయాలనుకున్నారు. అట్ట మీద వేసుకోవడానికి నాలుగు మంచి మాటలు రాస్తారేమోనని, టెక్సాస్ యూనివర్సిటీలో ఇస్లాం చరిత్ర చెప్పే డెనిస్ స్పెల్‌బర్గ్‌కు ముందుగా కాపీ పంపారు. ఆమె ఆయిషా మీద పుస్తకం రాసిన పండితురాలు. చదివి మండిపడ్డారు. పవిత్రమైన చరిత్రను చౌకబారు శృంగారంగా మార్చారన్నది ఆమె అభ్యంతరం. ఇది గొడవలకు దారితీస్తుందని సంస్థను హెచ్చరించారు.

మే నెలలో ర్యాండమ్ హౌస్ చేతులెత్తేసింది. చెప్పిన కారణం చూడండి: బెదిరింపులు వచ్చాయని కాదు, కొద్దిమంది తీవ్రవాదులు హింసకు దిగొచ్చని సలహా అందిందని! ఇది భయంతో చేసే సెన్సార్‌షిప్ అని సల్మాన్ రష్దీ బహిరంగంగానే తప్పుపట్టారు. ఆయన పుస్తకాలు వేసేదీ ఆ సంస్థే. ఆయనకు తెలియని భయమా ఇది?

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే సరిగ్గా ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఇస్లాంను కించపరిచిందని గొడవ రేగిన రష్దీ నవల ‘ది శాటానిక్ వర్సెస్’ బ్రిటన్‌లో విడుదలైంది 1988 సెప్టెంబర్ 26న. పది రోజులు తిరగకముందే, అక్టోబర్ 5న, భారత ప్రభుత్వం దాని దిగుమతిని ఆపేసింది. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నడివీధిలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఫిబ్రవరి 14న ఇరాన్ అధినేత ఖొమేనీ ఫత్వా ఇచ్చారు. అందులో చాలామంది గమనించని మాట ఒకటుంది. మరణశిక్ష రచయిత ఒక్కడికే కాదు. లోపల ఏముందో తెలిసి ప్రచురణలో పాలుపంచుకున్న ప్రతివాళ్లకీ.

రష్దీకి పోలీసు రక్షణ దొరికింది. మిగతావాళ్లకి? 1991 జులై 3న మిలాన్‌లో ఇటాలియన్ అనువాదకుడు ఎత్తోరె కాప్రియోలోను పొడిచారు. ఆయన బతికారు. కొద్ది రోజులకే జపనీస్ అనువాదకుడు హితోషి ఇగరాషి తను పాఠాలు చెప్పే త్సుకుబా యూనివర్సిటీలోనే హత్యకు గురయ్యారు. ఆ కేసులో ఎవరూ దొరకలేదు. 2006లో గడువు తీరిపోయి దర్యాప్తు మూతపడింది. 1993 అక్టోబర్‌లో ఓస్లోలో నార్వే పబ్లిషర్ విలియం నీగార్డ్ మీద ఆయన ఇంటి ముందే కాల్పులు జరిగాయి. మూడు తూటాలు తగిలాయి. కోలుకుని మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు.

పుస్తకాల షాపుల సంగతి ఇంకో కథ. 1989 ఫిబ్రవరి చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కోడీస్ అనే షాపు మీద పెట్రోలు బాంబు వేశారు. మర్నాడు శుభ్రం చేస్తుంటే లోపల ఇంకో బాంబు, పేలనిది, బయటపడింది. పోలీసులు దాన్ని అక్కడే పేల్చేశారు. పుస్తకం అమ్ముదామా వద్దా అని ఓనర్ స్టాఫ్‌నే అడిగారు. అందరూ అమ్ముదామనే చేతులెత్తారు. పేలుడుకి సీలింగ్‌లో పడిన చిల్లును పూడ్చకుండా రష్దీ పేరు పెట్టి అలాగే ఉంచుకున్నారు. కౌంటర్ దగ్గర నిలబడే జీతగాళ్లు చూపించిన ఈ తెగువ, ఆ తర్వాత పెద్ద పెద్ద బోర్డు రూముల్లో కనిపించలేదు.

రచయితను వదిలేసి పబ్లిషర్ మీద పడటం ఫత్వాతో మొదలవ్వలేదు. 1920లలో లాహోర్‌లో ప్రవక్తను ఎగతాళి చేస్తూ ఒక కరపత్రం వచ్చింది. నవల కాదు, వ్యంగ్యం. రాసినవాడి పేరు వేయలేదు; పబ్లిషర్ రాజ్‌పాల్ ఆ పేరు బయటపెట్టనూ లేదు. 1927లో హైకోర్టు ఆయన్ని విడుదల చేసింది, అప్పటి చట్టంలో ఆ నేరం పట్టదని. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం, మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే శిక్షించే సెక్షన్ 295ఏ తెచ్చింది. 1929 ఏప్రిల్ 6న రాజ్‌పాల్‌ను ఆయన షాపులోనే పొడిచి చంపారు. ఆ చట్టం మాత్రం ఇప్పటికీ బతికే ఉంది, భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా.

ఇదంతా ఒక్క మతానికే అంటగడితే సగం కథే చెప్పినట్టు. రష్దీ నవల వచ్చిన నెలలోపే పారిస్‌లో సెయింట్ మిషెల్ థియేటర్‌ను ఛాందస క్యాథలిక్కులు తగలబెట్టారు, క్రీస్తు మీద తీసిన సినిమా వేస్తున్నందుకు. తమిళనాడులో పెరుమాళ్ మురుగన్ ఒక గుడి ఉత్సవం నేపథ్యంగా రాసిన నవల మీద హిందూ, కుల సంఘాలు విరుచుకుపడ్డాయి. 2015 జనవరిలో అధికారుల సమక్షంలో క్షమాపణ రాయించుకున్నాక, రచయితగా తను చచ్చిపోయానని ఆయన ప్రకటించారు. ఏడాదిన్నరకు మద్రాస్ హైకోర్టు ‘రాయండి’ అంటూ ఆయన పక్షాన నిలిచింది. 2018లో కేరళలో ఎస్.హరీష్ ‘మీశ’ సీరియల్ బెదిరింపులతో మధ్యలో ఆగింది. వెంటనే డీసీ బుక్స్ దాన్ని పుస్తకంగా వేసింది. నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది.

కత్తి పట్టినవాళ్లు పుస్తకం చదివారా అంటే, అదీ లేదు. 1994లో కైరోలో 82 ఏళ్ల ఈజిప్టు రచయిత నగీబ్ మహ్‌ఫూజ్ మెడలో కత్తి దింపినవాడు ఆయన నవల చదవనేలేదు. ఆ దెబ్బకు నోబెల్ రచయిత కుడిచేయి సరిగా పని చేయలేదు. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలో రష్దీ కుడికన్ను పోగొట్టినవాడు రెండు పేజీలు చదివానన్నాడు.

షెర్రీ జోన్స్ నవలను చివరికి న్యూయార్క్‌లోని బోఫర్ట్ బుక్స్ వేసింది. లండన్ దాడి జరిగాక వెనక్కి తగ్గకపోగా, విడుదలను ముందుకు జరిపి 2008 అక్టోబర్ మొదటివారంలోనే షాపులకు పంపింది. ర్యాండమ్ హౌస్‌తో పోలిస్తే అది చీమంత సంస్థ.

మన దగ్గర 1988 నాటి దిగుమతి నిషేధం 36 ఏళ్లు నడిచింది. దాన్ని సవాలు చేస్తే, ఆ నోటిఫికేషన్ కాపీ చూపించమని ఢిల్లీ హైకోర్టు అడిగింది. కస్టమ్స్ శాఖ వెతికింది, దొరకలేదంది. అలాంటి నోటిఫికేషనే లేదనుకోవాల్సి వస్తుందని 2024 నవంబర్‌లో కోర్టు తేల్చింది. డిసెంబర్‌కల్లా ఢిల్లీలో ఒక పుస్తకాల షాపు ఆ నవలను అరలో పెట్టింది. ధర 1,999 రూపాయలు.