రీలు కెమెరా మోజు: అపోహలు - వాస్తవాలు

స్టూడియోలో డార్క్‌రూం పని చేసినవాణ్ని. ఇప్పుడు కాలేజీ పిల్లలు తాతగారి రీలు కెమెరా పట్టుకుని సలహాకి వస్తున్నారు. సంతోషమే. కానీ వాళ్లు నమ్మి వచ్చే సంగతులు వింటే నవ్వొస్తుంది.

అపోహ: ఫిలిం ఫొటోలో ఎడిటింగ్ ఉండదు, ఉన్నది ఉన్నట్టే పడుతుంది.

వాస్తవం: టచింగ్ పని మీదే బతికినవాళ్లున్నారు. నెగెటివ్‌లో, అంటే కడిగిన ఫిలింలో, నలుపు తెలుపులు తారుమారుగా ఉంటాయి. ముఖం మీది నల్లమచ్చ అందులో పలచగా, వెలుతురు దూరేలా ఉంటుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అక్కడ మెల్లగా గీస్తే ప్రింటులో మచ్చ మాయం. నెగెటివ్ బొమ్మని పెద్దది చేసి పేపరు మీద వేసే ఎన్‌లార్జర్ కింద చెయ్యి అడ్డం ఆడిస్తూ ముఖాన్ని తేటగా తెప్పించడం ఇంకో విద్య. పెళ్లి సంబంధానికి పంపే ఫొటో అంటే ఈ రెండూ పడాల్సిందే. ఫోన్ ఫిల్టర్లను తిట్టే పెద్దలు తమ పెళ్లినాటి నెగెటివ్‌ని ఓసారి వెలుతురుకి పెట్టి చూసుకోవాలి.

అపోహ: ఎర్రబల్బు కింద ఫిలిం కడుగుతారు.

వాస్తవం: సినిమాల్లో. ఎర్రలైటు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు వేసే బ్రోమైడ్ పేపరుకే. రీలు విప్పి ఫిలిం కడిగే ట్యాంకులోకి ఎక్కించేదాకా కటిక చీకటే, అంతా చేతి తడుములాటే. కలర్ ఫిలింకి ఆ పైన బొమ్మని తేల్చే మందు డెవలపర్ 37.8 డిగ్రీల్లో, 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి కాస్త అటూ ఇటూ అయితే రంగులు తిరిగిపోతాయి.

అపోహ: ఫిలిం రంగులు డిజిటల్‌కి రానే రావు.

వాస్తవం: ఎండలో తెల్లపంచె మడతలు పోకుండా పట్టడంలో కలర్ నెగెటివ్ గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ 2000 తర్వాత రీలు కడిగి ప్రింట్లు వేసిచ్చే మినీల్యాబులు చాలా వరకు నెగెటివ్‌ని స్కాన్ చేసి, లేజర్‌తో పేపరు మీద వేశాయి. మీరు మురిసిపోయే ప్రింట్లలో కొన్ని అప్పటికే సగం డిజిటల్.

అపోహ: డేటు దాటిన రీలుకి పాతకాలపు అందం వస్తుంది.

వాస్తవం: మసక వస్తుంది. కొనకండి.

అపోహ: ఫిలిం ఫొటో శాశ్వతం.

వాస్తవం: బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ వెండిది. బొమ్మని స్థిరపరిచే హైపో మందు పోయేలా బాగా కడిగితే తరాలు నిలుస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. కలర్‌లో ఉండేవి రంగులు, వెలిసిపోతాయి. జిగురు పేజీల ఆల్బంలో ఉన్న ఫొటోలు ముందు బయటికి తీయండి. స్కాన్ చేయించినా నెగెటివ్‌లు పారేయకండి, బటర్ పేపర్ కవర్లలో తడి తగలనిచోట దాచండి. బూజు కనిపిస్తే తడిగుడ్డ మాత్రం పెట్టొద్దు. బొమ్మని పట్టి ఉంచే జెలటిన్ పొర బూజు తిన్నాక నీళ్లకి కరిగి, బొమ్మతో సహా ఊడొస్తుంది.